డిజైన్ చదువులో చివరి పరీక్ష ప్రదర్శనే: ఆ రోజు ఇంటివాళ్లు అక్కడ ఉంటే మేలు

ప్రొద్దుటూరులో పెళ్లిళ్ల సీజను మొదలైతే మగ్గం వర్క్ చేసే ఇళ్లలో రాత్రి పన్నెండు దాటినా లైట్లు ఆరవు. కార్చోబు మీద బిగించిన బ్లౌజు బట్ట చుట్టూ ముగ్గురు నలుగురు కూర్చుని ఆరి సూదితో జరీ, దబ్కా, కుందన్లు కుడుతూనే ఉంటారు. ఆ బ్లౌజు పెళ్లినాడు స్టేజి మీద కనిపిస్తుంది. ఫోటో దిగడానికి వచ్చిన ఆడవాళ్లలో ఒకరిద్దరు పెళ్లికూతురి చేయి పట్టుకుని పనితనం చూసి, "ఎవరు చేసినారమ్మా ఇది?" అని అడుగుతారు. మరుసటి వారం ఆ ఇంటికి రెండు ఆర్డర్లు వస్తాయి. బోర్డు లేదు, ప్రకటన లేదు. ఆ కారిగరుకు పెళ్లి మండపమే ఎగ్జిబిషను.

డిజైన్ కాలేజీలు చేసేది కూడా దాదాపు ఇదే. కాకపోతే తేదీ పెట్టి, హాలు చూసుకుని, పనికొచ్చే మనుషులకు పిలుపులు పంపి చేస్తాయి. నాలుగేళ్లు చదివిన పిల్లలు చివరి ఏడాది చేసిన పనిని అందరి ముందు పెడతారు. దాన్నే గ్రాడ్యుయేషన్ షో అనీ, గ్రాడ్యుయేట్ ఎగ్జిబిషన్ అనీ అంటారు. ఫ్యాషన్ వాళ్లయితే ర్యాంప్ మీద బట్టలు చూపిస్తారు. టెక్స్‌టైల్ వాళ్లు బట్టల తానులు వేలాడదీస్తారు. నగలు, తోలు వస్తువులు, ఫర్నిచరు, బొమ్మలు, మొబైల్ యాప్‌లు చేసినవాళ్లు బల్లల మీద నమూనాలు పెట్టి పక్కన నిలబడతారు. మన జిల్లాలో చాలా ఇళ్లకు ఈ మాటే కొత్త. పిల్ల హైదరాబాదులో ఏదో ఫ్యాషన్ చదువుతోంది, పరీక్షలు అయిపోగానే ఇంటికి వస్తుంది అనుకుంటారు. ఉద్యోగం దొరకడంలో ఆ చివరి రెండు మూడు రోజులకు ఎంత బరువు ఉందో తెలియక, ఆ రోజులను ఉత్త ఫంక్షను కింద లెక్క కట్టేస్తారు.

మార్కుల లిస్టు చూపిస్తే చాలదా?

చాలదు. ఇంజినీరింగ్ పిల్లలకు కంపెనీలు కాలేజీకి వచ్చి పరీక్ష పెట్టి తీసుకుంటాయి. డిజైన్‌లో కూడా క్యాంపస్ ప్లేస్‌మెంట్లు ఉంటాయి గానీ అక్కడ కూడా ముందు అడిగేది పోర్ట్‌ఫోలియోనే. అంటే చేసిన పనులన్నీ వరుసగా పెట్టుకున్న పుస్తకం లేదా ఫైలు. ఒక బయింగ్ హౌసు మనిషికి "ఎనభై శాతం మార్కులు" అంటే ఏమీ తెలియదు. ఈ పిల్ల రంగులు ఎట్లా కలుపుతుంది, కుట్టు ఎక్కడ పడుతుంది, ఈ ముక్కను వెయ్యి పీసులు కుట్టించాలంటే ఎంత ఖర్చవుతుంది, ఇవి తెలియాలి. పని కళ్లతో చూస్తే ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

అందుకే షోకు వచ్చేవాళ్లు పలురకాలుగా ఉంటారు. బెంగళూరు, తిరుప్పూరు వైపు నుంచి ఎగుమతి దుస్తుల కంపెనీలవాళ్లు, బ్రాండ్ల తరఫున మనుషుల్ని తీసుకునేవాళ్లు, బంజారాహిల్స్ బొటిక్‌ల యజమానులు, సినిమాలకు కాస్ట్యూమ్స్ చేసేవాళ్లు, పత్రికలవాళ్లు, అదే కాలేజీలో ముందు చదివి ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్న సీనియర్లు. ఈ చివరివాళ్లను తక్కువగా చూడకూడదు. కొత్తవాళ్లకు మొదటి పని ఎక్కువగా దొరికేది వాళ్ల నోటి మాట మీదే.

షోకు ముందు జ్యూరీ ఉంటుంది. కాలేజీ టీచర్లతో పాటు బయటి నుంచి వచ్చిన డిజైనర్లు కూర్చుని, ఈ పని ఎందుకు చేశావు, ఎవరి కోసం చేశావు, ఈ బట్టే ఎందుకు తీసుకున్నావు అని అడుగుతారు. పిల్లలు ఏడ్చి బయటికొచ్చే రోజు అదే. అయితే షోలో పరాయి మనుషుల ముందు నిలబడి తన పని గురించి రెండు నిమిషాల్లో చెప్పగలిగే ధైర్యం కూడా అక్కడే వస్తుంది.

మన దగ్గర ఎక్కడెక్కడ ఉన్నాయి?

వల్లూరు, కమలాపురం వైపు నుంచి చూస్తే అన్నిటికన్నా దగ్గరిది కడపలోని డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ. 2020లో ఏర్పడింది. ఆర్కిటెక్చరు, ఫైన్ ఆర్ట్స్, ఇంటీరియర్ డిజైన్ లాంటి కోర్సులు ఉన్నాయి. ఫైన్ ఆర్ట్స్, డిజైన్ కోర్సులకు ఏడీసెట్ అనే ప్రవేశ పరీక్ష పెడతారు. ఆడపిల్లను దూరం పంపడానికి మనసొప్పని ఇళ్లకు బస్సులో వెళ్లి వచ్చే దూరంలో ఇట్లాంటి చదువు ఉండటం చిన్న సంగతి కాదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో ఇంటర్ చదివే పిల్లల్లో చాలామందికి దీని పేరు కూడా తెలియదు.

దుస్తుల డిజైన్ అంటే మాత్రం హైదరాబాద్ నిఫ్ట్ పేరు ముందు వస్తుంది. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ దేశంలో 1986లో మొదలైంది, హైదరాబాద్ క్యాంపస్ 1995లో వచ్చింది. 2006 నాటి నిఫ్ట్ చట్టం వల్ల డిగ్రీ తనే ఇస్తుంది. చెప్పులు, తోలు వస్తువుల డిజైన్‌కు హైదరాబాదులోనే ఎఫ్‌డీడీఐ ఉంది. వస్తువుల డిజైన్, గ్రాఫిక్స్, టెక్స్‌టైల్స్ కావాలంటే 2015లో మన రాష్ట్రంలో మొదలైన ఎన్‌ఐడీ ఆంధ్రప్రదేశ్ ఉంది. దీని పెద్దన్న అహ్మదాబాద్ ఎన్‌ఐడీ 1961 నాటిది. సంగారెడ్డి దగ్గరి ఐఐటీ హైదరాబాదులో కూడా డిజైన్ విభాగం ఉంది, దానికి యూసీడ్ పరీక్ష రాయాలి.

మగ్గాల మీద నేత నేర్చుకోవాలంటే వెంకటగిరిలోని చేనేత టెక్నాలజీ సంస్థలో మూడేళ్ల డిప్లొమా ఉంది. జమ్మలమడుగు చుట్టుపక్కల నేతపని చేసే ఇళ్ల పిల్లలకు ఇది బాగా సరిపోతుంది. ఫ్యాషన్ అనే మాట పేరులో లేదు కాబట్టి దీన్ని ఎవరూ పట్టించుకోరు.

నిఫ్ట్ బీడిజైన్‌కు ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినా పరవాలేదు. వయసు 24 దాటకూడదు. రాత పరీక్ష, డ్రాయింగు, ఊహాశక్తి చూసే పరీక్ష ఉంటాయి, తరవాత చేతికి కొన్ని సామాన్లు ఇచ్చి ఏదైనా తయారు చేయమంటారు. దాన్ని సిచ్యువేషన్ టెస్ట్ అంటారు. ఇంట్లో బొమ్మలకు గౌన్లు కుట్టి, అట్టముక్కలతో ఇల్లు కట్టి పెరిగిన పిల్లలు ఇక్కడ కోచింగు తీసుకున్నవాళ్లను దాటేస్తుంటారు. చిక్కంతా రాత పరీక్షలో. ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది. ఇంట్లో దక్కనీ మాట్లాడే పిల్లలకు హిందీ వింటే అర్థమవుతుంది గానీ, స్కూల్లో నేర్చుకున్న దేవనాగరితో ప్రశ్నపత్రం గబగబా చదివి రాయడం కష్టం. కాబట్టి ఇంటర్ మొదటి ఏడాది నుంచే ఇంగ్లీషు చదవడం అలవాటు చేసుకోవాలి. పరీక్ష జనవరి, ఫిబ్రవరి నెలల్లో పెడుతున్నారు. ఇంటర్ ఫలితాలు చూసుకుని అప్పుడు ఆలోచిద్దాం అనుకునే ఇంటికి ఆ ఏడాది పోయినట్టే.

ఫీజు మాట చెప్పకుండా దాటెయ్యడం న్యాయం కాదు. నిఫ్ట్ ఫీజు ఏడాదికి లక్షల్లో ఉంటుంది, హాస్టలు వేరు, బట్టలు, రంగులు, ప్రింట్లకు అయ్యే ఖర్చు వేరు. అయితే తల్లిదండ్రుల ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గించే పథకం నిఫ్ట్‌లోనే ఉంది. ఇంకోటి, మన ఇళ్లకు నేరుగా పనికొచ్చేది: చేతివృత్తులవాళ్లకు, వాళ్ల పిల్లలకు నిఫ్ట్‌లో విడిగా ప్రవేశ మార్గం ఉంది. దానికి కేంద్ర ప్రభుత్వ హస్తకళల శాఖ లేదా చేనేత శాఖ ఇచ్చే కారిగరు గుర్తింపు కార్డు ఉండాలి. మగ్గం వర్క్, జర్దోసి చేసే ఎంతోమంది దగ్గర ఈ కార్డు లేదు. ముప్పై ఏళ్లు కార్చోబు ముందు కూర్చున్న మనిషి "నాకెందుకు కార్డు, నా పనే నా కార్డు" అంటాడు. నిజమే. కానీ ఆ ప్లాస్టిక్ ముక్క రేపు కూతురికి సీటు తెచ్చిపెట్టొచ్చు, ప్రభుత్వ మేళాల్లో స్టాలు అడగడానికి కూడా అదే ఆధారం.

"బట్టలు కుట్టేదానికి నాలుగేండ్ల చదువెందుకు?"

ఈ మాట వల్లూరులో అయినా పులివెందులలో అయినా ఏ టైలరు ఇంట్లో అయినా వినబడుతుంది. నానమ్మ అంటుంది, మామూ అంటాడు. మాటలో కొంత నిజం ఉంది కాబట్టే జవాబు చెప్పడం కష్టం. కుట్టడం అంగట్లో నేర్చుకోవచ్చు. కాలేజీలో నేర్చుకున్న పిల్లకన్నా అంగట్లో పదేళ్లు పనిచేసిన మాస్టరు కత్తెర బాగా ఆడుతుంది.

లండన్‌లో అలెగ్జాండర్ మెక్వీన్ అనే ఆయన ఉండేవాడు. తండ్రి టాక్సీ డ్రైవరు. 16 ఏళ్లకే బడి మానేసి, కోట్లు కుట్టే సావిల్ రో వీధిలో టైలరు దగ్గర శిష్యుడుగా చేరాడు. చేయి బాగా తిరిగాక సెంట్రల్ సెయింట్ మార్టిన్స్ కాలేజీలో పై చదువు చదివాడు. 1992లో ఆయన చదువు చివరి షో జరిగింది. ఇసబెల్లా బ్లో అనే ఫ్యాషన్ పత్రికా సంపాదకురాలు ఆ షో చూసి, ఆయన చేసిన బట్టలన్నీ 5,000 పౌండ్లకు కొనేసింది. డబ్బు ఒకేసారి లేక వారానికి వంద పౌండ్ల చొప్పున కట్టింది. ఆ తరవాత ఆయన పేరు ప్రపంచమంతా తెలిసింది. ఆయన కుట్టు నేర్చింది అంగట్లో, ఆ కుట్టు లోకానికి కనబడింది కాలేజీ షోలో. అంగడి వద్దని ఎవరూ అనడం లేదు.

మన దేశంలో రాహుల్ మిశ్రా సంగతి చూడండి. కాన్పూరు దగ్గరి పల్లెలో పుట్టి, హిందీ మీడియంలో చదివి, ఫిజిక్స్ డిగ్రీ చేసి, ఆ తరవాత ఎన్‌ఐడీలో దుస్తుల డిజైన్ చదివాడు. 2006లో లాక్మే ఫ్యాషన్ వీక్‌లో కేరళ చేనేత బట్టతో మొదటిసారి కనిపించాడు. కొత్తగా చదువు ముగించినవాళ్లకు అవకాశం ఇచ్చే జెన్ నెక్స్ట్ అనే కార్యక్రమం ఆ వేదిక మీద ఉండేది. 2014లో ఇంటర్నేషనల్ వూల్‌మార్క్ ప్రైజు గెలిచాడు, అది గెలిచిన తొలి భారతీయుడు ఆయనే. 2020లో పారిస్ హాట్ కుట్యూర్ వీక్‌లో చూపించిన మొదటి భారతీయ డిజైనరు కూడా ఆయనే. ఆయన బట్టల మీద ఉండేది ఎక్కువగా చేతి ఎంబ్రాయిడరీ. అంటే ప్రొద్దుటూరులో మన ఇళ్లలో జరిగే పనికి దగ్గరి చుట్టం.

కచ్ నుంచి నేర్చుకోవాల్సింది

పెద్ద కాలేజీ, పెద్ద ఫీజు తప్ప దారి లేదా అంటే, ఉంది. గుజరాత్‌లోని కచ్ జిల్లాలో ఇరవై ఏళ్ల కిందటే చేసి చూపించారు.

అక్కడ ఖత్రీలు తరతరాలుగా అజ్రఖ్ అద్దకం, బాంధనీ ముడుల పని చేస్తారు. ఆ ఖత్రీల్లో చాలామంది ముస్లింలు. 2001 భూకంపం తరవాత కొందరు అజ్రఖ్‌పూర్ అనే కొత్త ఊరు కట్టుకున్నారు. వాళ్లలో పెద్దవాడైన ఇస్మాయిల్ మహమ్మద్ ఖత్రీకి ఇంగ్లండులోని డి మాంట్‌ఫర్ట్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. అద్దకంలో మొక్కల రంగుల గురించి ఆయనకున్న తెలివికి దక్కిన గౌరవం అది.

అయితే అక్కడ కూడా మన దగ్గరున్న చిక్కే ఉండేది. కారిగరు పని చేస్తాడు, డిజైన్ మాత్రం పట్నం నుంచి వచ్చిన డిజైనరు ఇస్తాడు, పేరూ లాభమూ ఆ డిజైనరుకు పోతాయి. దీనికి మందుగా 2005లో కళారక్షా విద్యాలయ అనే బడి మొదలైంది. కారిగర్లకే డిజైన్ నేర్పడం దాని పని. 2014లో అదే దారిలో సోమయ్య కళా విద్య వచ్చింది. బడి నడిచిన తీరే దాని బలం. ఏడాదంతా కూర్చోబెట్టరు. రెండు వారాల తరగతి పెడతారు, పంపిస్తారు, ఇంటికెళ్లి ఆర్డర్లు చేసుకుంటూనే హోంవర్కు చేస్తారు, మళ్లీ రెండు వారాలు వస్తారు. ఇట్లా ఏడాదిలో ఆరు సార్లు. ఆడవాళ్లకు, మగవాళ్లకు తరగతులు వేరుగా పెట్టారు. మాట్లాడేది వాళ్ల భాషలోనే. ఆఖరున బయటి నుంచి జ్యూరీ వస్తుంది, తరవాత పండగలాగా షో జరుగుతుంది. బట్టలు కొనేవాళ్లు, డిజైనర్లు అక్కడికే వస్తారు, ఊరి జనం కూడా చూస్తారు. జీవితంలో ఎప్పుడూ జనం ముందు నిలబడని ఆడవాళ్లు తాము చేసిన పనిని తమ పేరుతో చూపించారు.

తరవాత ఈ బడిలో చదివినవాళ్లు కర్ణాటకలోని బాగల్‌కోట్ వైపు నేతగాళ్లకు వెళ్లి నేర్పారు. ఇల్కల్ చీరలు నేసే ప్రాంతం అది. అంటే కడపకు మరీ పరాయి దేశం కాదు.

మరి ప్రొద్దుటూరులోనో కడపలోనో ఇట్లా రెండు వారాల తరగతులు ఎందుకు పెట్టకూడదు? మగ్గం వర్క్ చేసే చేతులు ఉన్నాయి, బంగారు నగలు చేసే చేతులు ఉన్నాయి, జమ్మలమడుగు, మాధవరం వైపు నేత ఉంది. కడపలో యూనివర్సిటీ కూడా ఉంది. లేనిది ఈ మూడింటినీ ఒక హాల్లోకి తెచ్చే మనిషి. కచ్‌లో కూడా ఆ మొదటి అడుగు వేసింది ప్రభుత్వం కాదు.

షోకు ముందు ఇంట్లో జరగాల్సినవి

డిజైన్‌లో చేరిన పిల్లకు నాలుగో ఏడాది ఒక ప్రాజెక్టు ఉంటుంది. కొన్ని నెలలు ఏదైనా కంపెనీతోనో, చేనేత సంఘంతోనో పనిచేసి చివరికి చూపించాలి. చాలామంది పిల్లలు ఇక్కడ తప్పు చేస్తారు. ఇంట్లో ఉన్నది వదిలేసి, ఇంటర్నెట్‌లో కనిపించిన పారిస్ ఫ్యాషన్ పట్టుకుంటారు. జ్యూరీలో కూర్చున్నవాళ్లు అట్లాంటివి వందలు చూసి ఉంటారు. ఇంట్లో నాన్న ట్రేసింగ్ పేపరు మీద గీసి, గీత వెంబడి సూదితో రంధ్రాలు పొడిచి, కిరసనాయిలులో కలిపిన పొడి రుద్ది డిజైను బట్ట మీదికి దించడం చిన్నప్పటి నుంచి చూసిన పిల్లకు ఆ పని గురించి తెలిసినంత, ఆ హాల్లో ఇంకెవరికీ తెలియదు. ఆ పాత ట్రేసింగ్ పేపర్ల కట్టను తీసుకెళ్లి గోడకు తగిలించినా చాలు, జనం ఆగి చూస్తారు.

ఇంకో విషయం, కొన్ని ఇళ్లలో నోటిదాకా వచ్చి ఆగిపోయేది. ఫ్యాషన్ అంటే ర్యాంపు, పొట్టి బట్టలు అనే భయం. ఈ భయాన్ని వెక్కిరించడం తేలిక గానీ పిల్ల చదువు ఆగిపోయేది దానితోనే. షో అంటే ర్యాంపు ఒక్కటే కాదు, టెక్స్‌టైలు, నగలు, గ్రాఫిక్స్, ఫర్నిచరు చదివినవాళ్లు ర్యాంపు దగ్గరికే పోరు. దుస్తులు చదివినా ఏం చూపించాలో నిర్ణయించేది విద్యార్థే. నిండుగా కప్పుకునే బట్టలకు ఇప్పుడు పెద్ద మార్కెట్ ఉంది. 2016లో ఇస్తాంబుల్‌లో వాటి కోసమే ఫ్యాషన్ వీక్ జరిగింది. 2018లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని డి యంగ్ మ్యూజియం ముస్లింల దుస్తుల మీద పెద్ద ప్రదర్శన పెట్టింది. మన కడప, ప్రొద్దుటూరు అంగళ్లలో అమ్మే అబాయాలు, బురఖాలు ఎక్కువగా బయటి డిజైన్లే. మే నెల ఎండలో కడపలో వేసుకోగలిగే పల్చటి, గాలాడే బట్టతో మంచి అబాయా చేయగలిగిన డిజైనరు కోసం ఎవరూ వెతకడం లేదంటే నమ్మలేం.

డిజైన్ దొంగతనం సంగతి కూడా తెలిసి ఉండాలి. షోలో ఎవరైనా ఫోను తీసి ఫోటో కొట్టుకుని పోవచ్చు. రెండు నెలల తరవాత అదే డిజైను ఎక్కడో అంగట్లో వేలాడుతుంది. మన దేశంలో 2000 నాటి డిజైన్ల చట్టం ఉంది. వస్తువు ఆకారాన్ని, మీది నమూనాను రిజిస్టరు చేసుకుంటే పదేళ్లు హక్కు ఉంటుంది, ఇంకో ఐదేళ్లు పొడిగించుకోవచ్చు. ఒక మనిషి సొంతంగా దరఖాస్తు చేస్తే ఫీజు 1,000 రూపాయలు. అసలు కిటుకు తేదీలో ఉంది: డిజైను కొత్తదై ఉండాలి, అంటే దరఖాస్తుకు ముందు బయటపడి ఉండకూడదు. షోలో పెట్టాక, ఇన్‌స్టాగ్రామ్‌లో వేశాక వెళితే ఆలస్యం అయినట్టే. ప్రభుత్వం గుర్తించిన ప్రదర్శనలకు ముందుగా తెలియజేస్తే ఆరు నెలల వెసులుబాటు ఉంది గానీ కాలేజీ షోను దాని మీద ఆధారపడి నడిపించడం మంచిది కాదు. కాపీరైటు ఉందిగా అనుకుంటారు కొందరు. రిజిస్టరు చేయదగ్గ డిజైనును చేయకుండా వదిలేసి, దానితో యాభైకన్నా ఎక్కువ వస్తువులు తయారుచేస్తే ఆ కాపీరైటు కూడా పోతుంది. ప్రతి బ్లౌజుకూ రిజిస్ట్రేషను చేయించమని కాదు. షోలో పెట్టే వాటిలో నిజంగా అమ్ముడుపోయేది ఒకటో రెండో ఉంటే, వాటికి మాత్రం ముందే చేయించుకుంటే సరిపోతుంది.

షో అయ్యాక

షో ముగిసిన మరుసటి రోజు హాలు ఖాళీ చేయాలి. ఆ సాయంత్రం నుంచి మొదలయ్యే ఆరు నెలలు కొత్త డిజైనరుకు అన్నిటికన్నా గడ్డుకాలం. చేతిలో పది పదిహేను విజిటింగ్ కార్డులు ఉంటాయి. వాటికి వారం లోపల పోర్ట్‌ఫోలియో జతచేసి ఈమెయిల్ పంపాలి. నెల దాటితే అవతలివాళ్లకు మొహం కూడా గుర్తుండదు.

ఇంటర్న్‌షిప్ పేరుతో జీతం లేకుండా ఆరు నెలలు పని చేయించుకునేవాళ్లు ఉన్నారు. పని నేర్పకుండా దారాలు కత్తిరించడం, కొరియరు పంపడం చేయించి చివరికి కాగితం చేతిలో పెడతారు. పట్నంలో గది అద్దె కట్టుకోలేని ఇంటి పిల్లలు దీనికి తట్టుకోలేరు, ఇంటికి వచ్చేస్తారు. డబ్బున్న ఇంటి పిల్లలు తట్టుకుని పైకొస్తారు. ప్రతిభ తేడా కాదు, అద్దె తేడా. కాబట్టి చేరకముందే ఎంత ఇస్తారు, ఎన్ని నెలలు, ఏం పని అన్నది రాతపూర్వకంగా అడగాలి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడతారు పిల్లలు. ఆ మాట నాన్న నోటి నుంచి కాకుండా పిల్ల నోటి నుంచే రావాలి. అట్లాగే "మా ఎగ్జిబిషన్‌లో నీ పని పెడతాం, స్టాలుకు ఇంత కట్టు" అని ఫోను చేసేవాళ్లు ఉంటారు. పోయినసారి ఎవరు పెట్టారు, వాళ్ల నంబర్లు ఇవ్వండి అంటే సగం మంది మళ్లీ ఫోను చేయరు.

అందరూ బ్రాండు పెట్టనక్కరలేదు. పులివెందులలో ఆదిత్య బిర్లా వాళ్ల దుస్తుల కర్మాగారం ఉంది. ఇట్లాంటి కర్మాగారాల్లో కుట్టేవాళ్లే కాదు, ప్యాటర్ను తీసేవాళ్లు, శాంపిళ్లు చేసేవాళ్లు, నాణ్యత చూసేవాళ్లు, కొనుగోలుదారుతో మాట్లాడే మర్చండైజర్లు కావాలి. కంప్యూటరు మీద ప్యాటర్ను తీయడం వచ్చిన అమ్మాయికి ఇట్లాంటి చోట్ల పని ఉంటుంది. ర్యాంపు మీద ఫోటో పడదు, నెలాఖరుకు జీతం పడుతుంది. రెండేళ్లు అట్లా చేసి, బట్ట ఎంతకు కొంటారు, పీసుకు ఎంత మిగులుతుంది అన్న లెక్క వచ్చాక సొంతంగా పెట్టుకున్నవాళ్లు నిలబడతారు.

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల యజమానులకు కూడా ఒక మాట. నగల డిజైన్లు క్యాటలాగుల్లోంచి ఏరుకుని చేయించడమే ఇప్పటిదాకా నడుస్తోంది. నగల డిజైన్ చదివిన పిల్లను మూడు నెలలు జీతం ఇచ్చి కూర్చోబెట్టుకుంటే, ఊరి ఆడవాళ్లు పాత పెట్టెల్లో దాచిన నానమ్మల నగల నుంచే కొత్త వరుస గీయగలదు. ఆ అంగడికి ఖర్చు పెద్దది కాదు, ఆ పిల్లకు మాత్రం పోర్ట్‌ఫోలియోలో మొదటి నిజమైన పని అవుతుంది.

చిన్నగా సొంత పని పెట్టుకునేవాళ్లకు ఉద్యమ్ రిజిస్ట్రేషను ఉచితం. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం జాబితాలో టైలర్లు, కంసాలులు ఉన్నారు. శిక్షణలో రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000 దాకా, తరవాత 5 శాతం వడ్డీకి ముందు లక్ష, అది తీర్చాక రెండు లక్షలు అప్పు ఇచ్చే పథకం అది.

ఇక షోకు ఇంటివాళ్లు వెళ్లడం గురించి. కుటుంబాలకు పాసులు లెక్కపెట్టి ఇస్తారు, కాబట్టి ఎవరెవరు వస్తున్నారో పిల్ల ముందే పేర్లు రాయించాలి. వల్లూరు నుంచి హైదరాబాదు దాదాపు నాలుగు వందల కిలోమీటర్లు. రాత్రి బస్సో రైలో ఎక్కితే తెల్లారికి దిగొచ్చు. అమ్మ వెళితే మంచిది, మగ్గం వర్క్ చేసే నాన్నో మామూనో వెళితే ఇంకా మంచిది. హాల్లో చాలామంది దూరంగా నిలబడి ముందువైపు చూసి, బాగుంది అని ఫోటో తీసుకుని పోతారు. చేయి తిరిగిన మాస్టరు బట్టను తిప్పి వెనకవైపు చూస్తాడు. ముడి ఎక్కడ వేశారు, దారం ఎక్కడ వదిలేశారు, జరీ ఎక్కడ వదులైంది, అంతా వెనకే కనిపిస్తుంది. కొనుగోలు తెలిసినవాళ్లు కూడా అట్లాగే చూస్తారు. కాబట్టి చేతిపని ఉన్న బట్టను గోడకు అంటించకుండా, తిప్పి చూడగలిగేట్టు వేలాడదీయమని పిల్లకు షోకు వారం ముందే ఫోను చేసి చెప్పాలి.